‘పెంజీకటి కవ్వల’: పోతన అలోకం ఖాళీ జాగాయా, జాగా కూడా లేనిదా?

నల్లరేగడి
చాలా రోజులుగా ఒక పద్యపాదం నోట్లో నానుతోంది, పూర్తిగా మాత్రం చిక్కడం లేదు. ‘...దుది నాలోకంబగు పెంజీకటి కవ్వల...’ గజేంద్రమోక్షంలోది, అంతవరకు గట్టిగా తెలుసు. మా బడి పత్రికకి శూన్యం మీద వ్యాసం రాస్తున్నాను. ఖాళీ జాగా వేరు, అసలేమీ లేకపోవడం వేరు అని చెప్పేచోట ఈ పద్యం పెట్టాలని కోరిక. పేచీ ఒక్క అక్షరం దగ్గరే. తుదిన్ + ఆలోకంబు అయితే చూపు, వెలుగు అని అర్థం. పెంజీకటిని పట్టుకుని వెలుగు అనడం ఎలా? తుదిన్ + అలోకంబు అయితే పొసుగుతుంది కానీ చెవిలో ఉన్నది దీర్ఘమే. ఎవరైనా తేల్చండి.

యతిస్థానం
హ్రస్వమేనండీ, ఇందులో చర్చకి తావు లేదు.

లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన దుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

కందం. రెండో పాదం మూడో గణం ‘నదుదిన’. అక్కడ నలమో జగణమో తప్ప మరొకటి చెల్లదు, రెండూ నాలుగు మాత్రలవే. ‘నా’ అంటే ఐదు మాత్రలై గణం చెడిపోతుంది. పాడేవాళ్ళు రాగం కోసం సాగదీస్తారు, అదే మీ చెవిలో ఉండిపోయి ఉంటుంది. యతి కూడా ‘లోకస్థులు’లోని లోకి, ‘లోకంబగు’లోని లోకి కుదిరింది.

పిల్లల పత్రిక అంటున్నారు కాబట్టి ఇంకో మాట. చివరి పాదంలోది మనం ఇప్పుడనే ‘నే’ కాదు. అతనిన్ + ఏ. ‘ఏ’ అంటే నేను. ‘ఏకాకృతి’లోని ఏకి ఈ ఏతోనే యతి. విడదీసేటప్పుడు జాగ్రత్త.

తాటాకు
గణం తేలింది సరే, అర్థం ఎక్కడ తేలింది మాస్టారూ? అలోకం రెండు రకాలుగా విడుతుంది. లోకం లేనిది ఒకటి. ‘లోక్’ ధాతువుకి చూడటం అని అర్థం కనుక చూపుకి అందనిది రెండోది. నా ఓటు రెండోదానికే. సంస్కృత భాగవతంలో ఈ చోట ‘తమస్తదాసీద్ గహనం గభీరం యస్తస్య పారేఽభివిరాజతే విభుః’ అని ఉంది. అలోకం అన్న మాటే లేదక్కడ. గహనం, గభీరం రెండూ చీకటి ఎలాంటిదో చెప్పే మాటలు. వాటి బదులు పోతన అలోకం అన్నాడంటే అదీ చీకటి తీరు చెప్పేదే కావాలి. లోకాలు పోయాయని ‘దెగిన’ అన్నప్పుడే చెప్పేశాడు కదా, మళ్ళీ లోకం లేనిది అంటే చెప్పిందే చెప్పినట్టు. పోతన అంత వృథాగా మాట ఖర్చుపెట్టడు.

సైకతం
వృథా ఎలా అవుతుంది తాటాకు గారూ? లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడుసార్లు మోగించి నాలుగోసారి ‘అ’ తగిలించి మొత్తాన్నీ తీసేశాడు. ఆ ‘అ’ ఒక్కటే ప్రళయం. చూపుకి అందనిది అంటే ఆ దెబ్బ పోతుంది.

అయినా ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. జైనులకి అలోకం పారిభాషిక పదం. వాళ్ళు ఆకాశాన్ని లోకాకాశం, అలోకాకాశం అని రెండు చేస్తారు. జీవులు, పుద్గలం అంటే పదార్థం, కదలికకి ఆసరా ఇచ్చే ధర్మద్రవ్యం, నిలకడకి ఆసరా ఇచ్చే అధర్మద్రవ్యం అన్నీ లోకాకాశంలోనే. దాని బయట అంతులేని ఆకాశం, అందులో మరే ద్రవ్యమూ లేదు. కదలికకి ఆసరా లేదు కాబట్టి లోకంలోంచి ఏదీ అక్కడికి పోలేదు. నల్లరేగడి గారు రాస్తున్న ‘ఖాళీ జాగా’ అంటే అచ్చంగా ఇదే.

తాటాకు
పరమ భాగవతుడి పద్యానికి జైన పరిభాష ఎందుకండీ? భాగవతంలోనే లోకాలోక పర్వతం ఉంది, పంచమ స్కంధంలో. సూర్యుడి వెలుగు ఆ కొండ దాటి పోదు. ఇవతల లోకం, అవతల అలోకం. అంటే వెలుగు చేరని చోటనే అర్థం.

యతిస్థానం
తెలుగులో పంచమ స్కంధం గంగన రాసింది. పోతన మాటకి సాక్ష్యంగా దాన్ని తేవడం కుదరదు. అష్టమం పోతనదే.

తాటాకు
నేను తెస్తున్నది మూలాన్ని. మూలం పోతన చదివినదే కదా.

పెన్నగట్టు
నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. పద్యం సంగతి మీరు చూసుకోండి, వ్యాసం కోసం ఒక మాట చెబుతాను. సైకతం గారన్న ‘మరే ద్రవ్యమూ లేని ఆకాశం’ ఇప్పటి భౌతికశాస్త్రంలో ఎక్కడా దొరకదు.

ఒక గొట్టంలోంచి గాలి తోడేస్తున్నాం అనుకోండి. జెనీవా దగ్గర సెర్న్ వాళ్ళ పెద్ద యంత్రంలో ప్రోటాన్లు తిరిగే గొట్టంలో పీడనం మన వాతావరణంలో పది లక్షల కోట్లో వంతు స్థాయికి దిగుతుంది. అణువులన్నీ పోయాయనుకున్నా వేడి కాంతి ఉంటుంది. నక్షత్రాలకి దూరంగా, అంతరిక్షంలో ఎక్కడ ఒక ఘన సెంటీమీటరు తీసుకున్నా విశ్వం తొలినాళ్ళ నాటి ఫోటాన్లు సుమారు 411 ఉంటాయి. గోడల్ని పరమశూన్య ఉష్ణోగ్రతకి చల్లార్చి వాటినీ తీసేశామనుకుందాం. అప్పటికీ విద్యుదయస్కాంత క్షేత్రం మిగులుతుంది. దాని సగటు సున్నా, ఊగిసలాట మాత్రం సున్నా కాదు. సున్నా దగ్గర కచ్చితంగా నిలబడటానికి క్వాంటం సూత్రాలు ఒప్పుకోవు. మామూలు పీడనంలో హీలియం ఎంత చల్లబరిచినా గడ్డకట్టకపోవడానికి కారణం కూడా ఇలాంటి ఊగిసలాటే, అక్కడ ఊగేవి దాని అణువులు. ఇక హిగ్స్ క్షేత్రం విషయానికొస్తే దాని సగటు కూడా సున్నా కాదు, ఖాళీ అన్నచోటల్లా 246 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల విలువతో నిండి ఉంటుంది.

నాకు బాగా ఇష్టమైనది కాసిమిర్ సంగతి. ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన డచ్ శాస్త్రవేత్త. ద్రవంలో తేలే సన్నటి క్వార్ట్జ్ పొడి రేణువుల మధ్య ఆకర్షణ లెక్కకి అందకపోతే ఆ చిక్కు విప్పే పనిలో పడ్డాడు. నీల్స్ బోర్‌తో మాట్లాడుతుంటే ఆయన ‘శూన్యబిందు శక్తి’ (అన్నీ తీసేసినా మిగిలే ఆ ఊగిసలాట శక్తి) అన్నట్టుగా ఏదో అన్నాడట. 1948లో లెక్క తేలింది. శూన్యంలో, విద్యుదావేశం లేని రెండు అద్దంలాంటి లోహపు పలకల్ని దగ్గరగా పెడితే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పలకల మధ్య దూరం సగమైతే బలం పదహారు రెట్లు. మైక్రాన్ దూరంలో చదరపు మీటరుకి న్యూటన్‌లో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. 1997లో లామరో అనే ఆయన సియాటిల్‌లో దీన్ని బాగా కొలిచాడు. రెండు పలకల్నీ అంత దగ్గరలో సమాంతరంగా నిలపడం మహా కష్టం. అందుకని ఒక పలకకి ఎదురుగా బంగారుపూత వేసిన ఉబ్బు కటకాన్ని పెట్టాడు. గుండ్రటి తలానికి సమాంతరం బెడద ఉండదు. మెలితిరిగే లోలకంతో కొలిస్తే 5 శాతం తేడాలో లెక్కకి సరిపోయింది. ఆ ఫలితం గురించి మొదటిసారి చదివిన రోజు నిద్ర పట్టలేదు నాకు.

నల్లరేగడి
మేడం గారూ, ఇది మొత్తం వ్యాసంలో పెట్టేస్తాను. లాంబ్, రూథర్‌ఫర్డ్ ప్రయోగం కూడా ఇదే కోవలోది కదా?

పెన్నగట్టు
కోవ అదే, పేరు మాత్రం రెథర్‌ఫర్డ్. అణుకేంద్రకం రూథర్‌ఫర్డ్ వేరే ఆయన. ఒక్క అక్షరమే తేడా, కానీ చాలా పుస్తకాల్లో తప్పు పడుతోంది. 1947, కొలంబియా విశ్వవిద్యాలయం. భౌతికశాస్త్రవేత్త డిరాక్ లెక్కప్రకారం హైడ్రోజన్‌లో ఒకే ఎత్తులో ఉండాల్సిన రెండు శక్తి మెట్ల మధ్య సుమారు 1058 మెగాహెర్ట్జ్ తేడా కనబడింది. శూన్యం ఊగిసలాట ఎలక్ట్రాన్‌ని కుదుపుతోందన్నమాట.

సైకతం
ఇప్పుడు గజేంద్రుడి అసలు మాటకి వచ్చాం. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’. శూన్యం ఊగిసలాట గురించి చెప్పేటప్పుడు క్షణంలో పుట్టి గిట్టే కల్పిత కణాలు అంటారే, అవి ఉన్నట్టా, లేనట్టా?

పెన్నగట్టు
చాలా సరైన ప్రశ్న. అవి లెక్కలో వచ్చే పదాలే తప్ప గుడ్డులోంచి పిల్ల వచ్చినట్టు వచ్చే కణాలు కావని నా నమ్మకం. కాసిమిర్ బలం కూడా శూన్యశక్తికి రుజువని అందరూ ఒప్పుకోరు. పలకల్లోని విద్యుదావేశాల మధ్య బలంగానే దాన్ని మొత్తం రాబట్టవచ్చని జాఫీ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో చూపించాడు. బలం నిజం. దానికి కారణం శూన్యమా, పలకలా అన్నదే గొడవ.

యతిస్థానం
పద్యాల వరస మరిచిపోతున్నారు. ‘కలడందురు దీనులయెడ’ చాలా తర్వాత వస్తుంది. మన పద్యం వెంటనే వచ్చేది ‘నర్తకుని భంగి బెక్కగు మూర్తులతో నెవ్వ డాడు’. ఇక్కడ ఏకాకృతి, అక్కడ పెక్కు మూర్తులు. ఎంత అందంగా పేర్చాడో చూడండి! ముందు పద్యంలో ‘ఒకపరి జగముల వెలి నిడి యొకపరి లోపలికి గొనుచు’. బయటపెట్టడం, లోపలికి తీసుకోవడం, ఒక్కటిగా మిగలడం, మళ్ళీ పలు రూపాలు. ఈ మూడు పద్యాలూ కలిపి చదవకుండా ఒక్క అలోకాన్ని పీకి చూస్తే అర్థం చిక్కదు.

బయలాట
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. శూన్యం అన్న మాటని ఎవరూ పట్టించుకోలేదేం? శూన్యానికి ‘శూన’ మూలం, అంటే ఉబ్బినది. ఉబ్బినది లోపల గుల్ల. సున్న కూడా దాని బిడ్డే. విశ్వం అంతకంతకూ వేగంగా ఉబ్బుతోందనీ, ఆ వేగం పెరగడానికి కారణం శూన్యంలోని శక్తి కావచ్చనీ అంటున్నారు కదా. 1998లో దూరపు సూపర్‌నోవాల్ని (పేలిపోయే నక్షత్రాల్ని) చూసి కనుక్కున్నది ఆ వేగం పెరగడాన్నే. మన పదంలో ఆ రెండూ కలిసే ఉన్నాయి. అచ్చ తెలుగు కావాలంటే ‘బయలు’ ఉంది. అచలయోగులు బట్టబయలు అన్నది పరిపూర్ణాన్నే.

పెన్నగట్టు
ధాతువు సంగతి బాగుంది కానీ, పాణిని కాలానికి విశ్వవ్యాకోచాన్ని అంటగట్టకండి. ఆ ఉబ్బులోనే మా శాస్త్రానికి పెద్ద అవమానం ఉంది. క్షేత్రాల ఊగిసలాటని మామూలు పద్ధతిలో కూడితే వచ్చే శూన్యశక్తికీ, నిజంగా విశ్వంలో కనిపించే దానికీ తేడా, 1 పక్కన 120 సున్నలు. కనిపించేది మరీ తక్కువ. ఘనపు మీటరుకి మూడు నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువంత. అంత పెద్ద లెక్క అంత చిన్నదిగా ఎలా తేలుతోందో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

తాటాకు
మళ్ళీ అసలు చోటికి వద్దాం. మూలంలో లోకాలు ‘పంచత్వం’ పొందాయని ఉంది. అంటే పంచభూతాల్లో కలవడం. భూతాల్లో ఆకాశం ఒకటి. కాబట్టి లోకాలు పోయినా ఆకాశం మిగిలింది, చీకటిగా మిగిలింది. నా అర్థానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

సైకతం
పంచత్వం అంటే చావు అని రూఢి. చచ్చిన ప్రతివాడి దగ్గరా ఐదూ లెక్కపెడతామా? పోతన ‘దెగిన’ అని ఆ ఐదింటి ఊసే లేకుండా చేశాడు. ఇంకా పైకి పోదాం. ‘గహనం గభీరం’ అన్న జంట భాగవతకారుడి సొంతం కాదు, సృష్టికి ముందు ఏముందని అడిగే ఋగ్వేదపు నాసదీయ సూక్తంలోది. ‘అంభః కిమాసీద్గహనం గభీరం’. ఆ ఋక్కులోనే ‘నో వ్యోమా పరో యత్’ అని ఉంది. వ్యోమం కూడా లేదు. అంటే ఖాళీ జాగా కూడా లేని లేమి. ఆ జంటని వాడినవాడికి ఆ ఋక్కు చెవిలో లేకుండా ఉంటుందా? పోతన అలోకం కూడా అదే.

పెన్నగట్టు
వ్యోమం కూడా లేని లేమి నుంచి మొదలుపెట్టిన భౌతికశాస్త్రవేత్త ఒకడున్నాడు, విలెంకిన్. 1982లో రాశాడు. స్థలం లేదు, కాలం లేదు, అక్కడినుంచి క్వాంటం సొరంగం గుండా చిన్న విశ్వం ఒకటి ఊడిపడుతుందని లెక్క వేశాడు. లెక్క చక్కగా ఉంటుంది. కానీ స్థలకాలాలు లేనప్పుడు ఆ లెక్కని నడిపే సూత్రాలు ఎక్కడున్నాయి అన్నది ఆ లెక్కకి లొంగదు. నన్ను అడిగితే సైన్సు పేరు పెట్టి ‘ఏమీ లేనిదాంట్లోంచి విశ్వం’ అని రాయడం సరికాదు. క్షేత్రాలున్న శూన్యంలోంచి వచ్చిందంటే అది ఏమీ లేనిది కాదు. సూత్రాలే ఉన్నాయన్నా అది ఏమీ లేనిది కాదు. నల్లరేగడి గారూ, పిల్లలకి ఈ తేడా తప్పకుండా చెప్పండి.

తాటాకు
సైకతం గారూ, వ్యోమం లేకపోతే ‘అవ్వల’ ఎక్కడినుంచి వచ్చింది? పెంజీకటికి అవ్వల అన్నాడు. ఇవతల, అవతల ఉండాలంటే జాగా ఉండాలి.

సైకతం
అవ్వల అంటే ‘తర్వాత’ కూడా. చోటు చెప్పాలని లేదు.

తాటాకు
మూలంలోని ‘పారే’కి తెలుగు అది. పారం అంటే గట్టు. గట్టుకి జాగా అక్కర్లేదా?

నల్లరేగడి
హ్రస్వం ఖాయం చేసుకున్నాను. టీకలో ‘లోకాలు లేని, చూపు అందని కటిక చీకటి’ అని రెండూ పెడుతున్నాను, ‘అవ్వల’ని మాత్రం అవ్వలగానే ఉంచేస్తాను. రేపే అచ్చుకి ఇవ్వాలి.

యతిస్థానం
రెండూ పెడితే ఏదీ పెట్టనట్టే. కానీ అచ్చుకి వెళ్ళే ముందు అరసున్నలు వేయించండి, ఇందాక కీబోర్డు తొందరలో నేను వదిలేశాను. ‘దెగినఁ దుది’, ‘పెంజీఁకటి’. తెగినన్ + తుది అన్నచోట ద్రుతం, అంటే చివరి ‘న్’, ఉండబట్టే తుది దుది అయింది. అరసున్న లేకపోతే ఆ దకారం ఎందుకొచ్చిందో పిల్లలకి చెప్పే దారి ఉండదు.

బయలాట
బయలు మీద ఎవరూ ఏమీ అనలేదు. విడిగా చర్చ మొదలుపెడుతున్నాను, తాటాకు గారు తప్పక రావాలి.