మావాడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాసులు వేసే ఆటగాడు). ఏ కాలేజీ అఫెన్స్ (బంతి తమ దగ్గరున్నప్పుడు ఆడే పద్ధతి) వాడికి నప్పుతుందో తేల్చుకోవడం ఎలా?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి ఇక్కడ టెక్సస్‌లో హైస్కూల్ జూనియర్ (పదకొండో క్లాసు), స్కూల్ టీమ్‌లో స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్. ఈమధ్య మూడు చిన్న కాలేజీల కోచ్‌లు వాడితో మాట్లాడుతున్నారు. ఒకాయన మాది ఎయిర్ రెయిడ్ అంటాడు, ఇంకొకాయన స్ప్రెడ్ ఆప్షన్ అంటాడు, మూడో ఆయనది ప్రో స్టైల్ అట. ముగ్గురూ మీవాడు మా సిస్టమ్‌కి సరిగ్గా సరిపోతాడనే చెప్తున్నారు. వాడి ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, కాళ్లు చురుకు, దగ్గర పాసులు గురి తప్పవు, కానీ 40 గజాలు దాటించాలంటే బంతి గాల్లో తేలిపోతుంది, అది కిందికి వచ్చేలోపు డిఫెన్స్ వాళ్లు వచ్చేస్తారు. మాకు క్రికెట్ తెలిసినంతగా ఈ ఆట తెలియదు. నాలుగేళ్ల చదువు కూడా దీంతోనే ముడిపడి ఉంది కాబట్టి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లబ్బక్ పూర్వ విద్యార్థి:
అన్నా, ముందు ఆ పేర్లు పక్కన పెట్టండి. ఒకే పేరు పెట్టుకున్న రెండు కాలేజీలు రెండు రకాలుగా ఆడించడం మామూలే. బంతి చేతికి వచ్చాక మొదటి రెండు మూడు సెకన్లలో ఆ సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్‌ని ఏం చెయ్యమంటోంది, ఆ పని మీవాడు ఇప్పటికే బాగా చేస్తున్నాడా, అది చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎయిర్ రెయిడ్ సంగతి నాకు కొంచెం దగ్గరగా తెలుసు. నేను టెక్సస్ టెక్‌లో ఎమ్మెస్ చేసే రోజుల్లో మైక్ లీచ్ అక్కడ హెడ్ కోచ్, 2000 నుంచి 2009 దాకా ఆయనే. ఎక్కువగా పాసులతోనే ఆడే సిస్టమ్ అది. అందులో ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు) తక్కువ, వాటినే మళ్లీ మళ్లీ సాధన చేయిస్తారు. మెష్ అనే ప్లే చూడండి: ఇద్దరు రిసీవర్లు (పాసులు అందుకునేవాళ్లు) చెరో వైపు నుంచి మైదానం మధ్యకి వచ్చి, భుజాలు రాసుకునేంత దగ్గరగా ఒకరినొకరు దాటుకుని పరిగెడతారు, వెంటపడే డిఫెండర్లు ఒకరికొకరు అడ్డం పడతారు. డిఫెన్స్ ఒక్కొక్క మనిషిని పట్టుకుని ఆడుతుంటే పరుగులో ఉన్న రిసీవర్‌కి బంతి అందించాలి, జోన్ ఆడుతుంటే, అంటే మనిషిని కాకుండా తలా కొంత చోటు కాపలా కాస్తుంటే, ఆ రిసీవర్ ఖాళీ చూసుకుని ఆగిపోతాడు, నేరుగా అతని ఛాతీకి వెయ్యాలి. విసిరేది కొద్ది గజాలే. చెయ్యి బలం కంటే గురి, తొందరగా తేల్చుకోవడం ముఖ్యం. కాబట్టి లాంగ్ పాస్ తేలిపోతుందన్న ఒక్క కారణంతో దీన్ని కొట్టిపారేయకండి.

ఇందులో ఒక ఊరించే విషయం కూడా ఉంది, అక్కడ జాగ్రత్త. 2003లో టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ బి.జె. సైమన్స్ ఒక్క సీజన్‌లో 5,833 గజాల పాసులు వేశాడు, అప్పటికి అది ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) రికార్డు. మరుసటి ఏడాది సన్నీ కంబీ, ఆ తర్వాతి ఏడాది కోడీ హాడ్జెస్, ఇద్దరూ 4,000 గజాలు దాటారు. ఆ లెక్కలు చూసి ఆశపడటం సహజమే, కానీ ముగ్గురూ ఏళ్లతరబడి బెంచీ మీద కూర్చుని చివరి ఏడాదిలోనే స్టార్టర్లు అయ్యారు. అందుకని మీవాడి ముందు లైన్లో ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఏ సంవత్సరం పిల్లలో తప్పకుండా అడగండి.

ఇంకోటి, సిస్టమ్‌లోకి కొత్తగా వచ్చినవాడికి మొదటి ఆటే బ్రహ్మాండంగా కుదిరినా నమ్మడానికి లేదు. కె.జె. కాస్టెల్లో స్టాన్‌ఫర్డ్ నుంచి మిసిసిపీ స్టేట్‌కి లీచ్ దగ్గరికి వచ్చి, 2020 సెప్టెంబర్‌లో మొదటి ఆటలోనే ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) మీద 623 గజాలు వేశాడు, వాళ్లు ఆడే ఎస్‌ఈసీ లీగ్‌లో అది రికార్డు. మరుసటి వారం ఆర్కన్సా వాళ్లు ముగ్గురినే ముందుకి పంపి ఎనిమిది మందిని వెనక కాపలా పెట్టారు. ఇంతకుముందు కనిపించిన ఖాళీలు లేవు. మూడు ఇంటర్‌సెప్షన్లు, అంటే మూడు పాసులు అవతలివాళ్ల చేతికే చిక్కాయి. ఆ సీజన్ ముగిసేలోపు స్థానం అదే టీమ్‌లోని కొత్త కుర్రాడు విల్ రోజర్స్‌కి వెళ్లిపోయింది. ఓపిగ్గా చిన్న పాసులతో సరిపెట్టుకోవడం ఈ సిస్టమ్‌లో సగం పని. మీవాడికి ఆ ఓపిక ఉందా లేదా అన్నది మీకే బాగా తెలుస్తుంది.

ఆన్ ఆర్బర్ నివాసి:
పైన తమ్ముడు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సిస్టమ్ కాలేజీది కాదండీ, ప్లేలు పిలిచే కోచ్‌ది. ఆయన ఊరు మారితే సిస్టమ్ కూడా ఆయనతో పాటే పెట్టె సర్దుకుంటుంది.

మా మిషిగన్‌లో 2008లో సరిగ్గా ఇదే జరిగింది. లాయిడ్ కార్ రిటైరయ్యాక రిచ్ రోడ్రిగెజ్ వచ్చారు, ఆయనది క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తే స్ప్రెడ్. అప్పటికి ఇక్కడున్న ర్యాన్ మాలెట్ 6 అడుగుల 6 అంగుళాల మనిషి, నిలబడి బలంగా విసిరే రకం, పరుగు అతని పని కాదు. ఆర్కన్సాకి వెళ్లిపోయాడు, అక్కడ బాబీ పెట్రినో అఫెన్స్‌లో చక్కగా రాణించాడు. ఇక్కడ ఆ సీజన్ 3 గెలుపులు, 9 ఓటములు. తర్వాత డెనార్డ్ రాబిన్సన్ వచ్చాడు, అదే సిస్టమ్ 2010లో అతని చేతిలో ప్రాణం పోసుకుంది: పాసులు 2,570 గజాలు, పరుగులు 1,702 గజాలు. మాలెట్ చెడ్డ ఆటగాడూ కాదు, రోడ్రిగెజ్ చెడ్డ కోచూ కాదు, ఇద్దరికీ పొసగలేదంతే.

విల్ రోజర్స్ సంగతీ అంతే. 2021లో లీచ్ కింద 4,739 గజాలు వేశాడు. 2022 డిసెంబర్‌లో లీచ్ చనిపోయారు, కొత్త కోఆర్డినేటర్ (అఫెన్స్ నడిపే కోచ్) వేరే అఫెన్స్ తెచ్చారు, మధ్యలో భుజానికి దెబ్బ కూడా తగిలింది, 2023లో పాత రోజర్స్ మళ్లీ కనిపించలేదు. చివరికి వాషింగ్టన్‌కి మారాడు.

కాబట్టి ప్రో స్టైల్ అన్న కాలేజీలో కోఆర్డినేటర్ ఎన్నాళ్లుగా ఉన్నారు, అంతకుముందు ఎక్కడ పనిచేశారు, అక్కడ వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌లు ఎలాంటివాళ్లు, ఇవి కనుక్కోండి. మీరు ఏ ఊళ్లో అయినా ఇల్లు కొనేముందు ఇంతకంటే ఎక్కువే వాకబు చేస్తారు కదా.

ఫ్రిస్కో నాన్న:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. ప్రో స్టైల్ కాలేజీలో కోఆర్డినేటర్ ఈ ఏడాదే చేరారట, ఇప్పుడే వెబ్‌సైట్‌లో చూశాను. ఇంకో సందేహం. మంచి కోచ్ అయితే ఉన్న పిల్లాడికి తగ్గట్టు సిస్టమ్‌నే మార్చుకుంటాడు కదా అని మా బావమరిది అంటున్నాడు. అది నిజమేనా? ఆప్షన్ అంటే మావాడు దెబ్బలు ఎక్కువ తింటాడేమో అని వాళ్లమ్మ భయం.

షార్లెట్ వాలంటీర్ కోచ్:
నేను ఇక్కడ పిల్లలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. మీ బావమరిదిగారు అన్నది కొందరి విషయంలో నిజం. ఓక్లహోమాలో లింకన్ రైలీ వరసగా మూడేళ్లు మూడు రకాల మనుషులతో ఆడించారు. 2017లో బేకర్ మేఫీల్డ్, ఎక్కువగా పాసులే. 2018లో కైలర్ మర్రీ, పాసులతో పాటు 1,001 గజాల పరుగు. 2019లో అలబామా నుంచి వచ్చిన జేలెన్ హర్ట్స్, పరుగులే 1,298 గజాలు. మొదటి ఇద్దరికీ హైజ్మన్ (ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డు) వచ్చింది, హర్ట్స్ రెండో స్థానంలో నిలిచాడు. అయితే అలాంటి కోచ్‌లు అరుదు. మార్చుకుంటాం అని మాటిచ్చేవాళ్లు ఎక్కువ. మాట కాదు, ఆయన పాత రోస్టర్లు (టీమ్ జాబితాలు) చూడండి: వరసగా ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లూ ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే రకం ఆట అయితే ఆయన మార్చడు.

ఇప్పుడు అసలు పని. ఎఫ్‌సీఎస్ (డివిజన్ 1లో రెండో అంచె) కాలేజీల ఆటలు చాలావరకు ఈఎస్‌పీఎన్ స్ట్రీమింగ్‌లో దొరుకుతాయి, అంతకంటే చిన్నవి తరచుగా కాలేజీ సైట్లోనే వస్తాయి. మీరూ అబ్బాయీ పక్కపక్కన కూర్చుని, బంతిని వదిలేసి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే చూడండి. స్ప్రెడ్ ఆప్షన్‌లో జోన్ రీడ్ అనే ప్లే వచ్చినప్పుడు లైన్ చివరున్న డిఫెన్సివ్ ఎండ్‌ని ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) పొట్ట దగ్గర పెట్టి, వెంటనే వదలకుండా, కళ్లు మాత్రం ఆ ఎండ్ భుజాల మీద ఉంచుతాడు. ఎండ్ లోపలికి తిరిగి బ్యాక్ వెంట పడితే బంతి లాక్కుని బయటికి పరుగు, కదలకుండా నిలబడితే బంతి ఇచ్చెయ్యడం. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. మీవాడు హైస్కూల్లో ఇది ఎలా చేస్తున్నాడో హడల్ సైట్‌లో ఉన్న వాడి ఆటల వీడియోలు తీసి పక్కన పెట్టి పోల్చండి.

ప్రో స్టైల్‌లో చాలాసార్లు సెంటర్ (బంతి వెనక్కి అందించేవాడు) వెనకే నిలబడి బంతి తీసుకుని, డిఫెన్స్‌కి వీపు పెట్టి, పరుగు ఇస్తున్నట్టు నటించి, మళ్లీ తిరిగి 15-20 గజాల అవతల మనిషిని వెతుక్కోవాలి. తిరిగే సరికి డిఫెండర్లు చోటు మారి ఉంటారు. ఎత్తూ, చెయ్యి బలమూ ఇక్కడ అక్కరకొస్తాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీవాడికి ఇది మూడింటిలో చివరిది అనే నా అభిప్రాయం. కొత్త కోఆర్డినేటర్ కూడా కాబట్టి ఇంకా వెనక్కి.

దెబ్బల సంగతి అమ్మగారు అడిగింది న్యాయమైన ప్రశ్న. డెనార్డ్ రాబిన్సన్‌కి 2012లో నెబ్రాస్కాతో ఆటలో మోచేతి నరానికి దెబ్బ తగిలి, ఆ సీజన్ మిగతా అంతా క్వార్టర్‌బ్యాక్‌గా మామూలుగా ఆడలేకపోయాడు. అందుకే ఆప్షన్ అన్న కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌కి ఆటకి ఎన్ని పరుగులు పడుతున్నాయో బాక్స్ స్కోర్లలో చూడండి. కాలేజీ లెక్కల్లో శాక్‌లు (పాస్ వెయ్యకముందే పట్టి పడేసినవి) కూడా క్వార్టర్‌బ్యాక్ పరుగుల కిందే కలుపుతారు, వాటిని తీసేసి చూడండి. ఐదారు అయితే రీడ్ చేసి అప్పుడప్పుడు పరిగెడుతున్నాడని అర్థం. పదిహేను దాటితే వాడు రెండో రన్నింగ్ బ్యాక్ కిందే లెక్క, 5 అడుగుల 11 అంగుళాల పిల్లాడిని నేనైతే పంపను.

లబ్బక్ పూర్వ విద్యార్థి:
షార్లెట్ అన్న చెప్పింది చాలా ఉపయోగపడే మాట. నాదొక చేర్పు. కోఆర్డినేటర్ వెంట క్వార్టర్‌బ్యాక్ కూడా వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా) పుణ్యమా అని. బెయిలీ జాపీ హ్యూస్టన్ బాప్టిస్ట్‌లో ఉన్నప్పటి కోఆర్డినేటర్ జాక్ కిట్లీతో కలిసి వెస్టర్న్ కెంటకీకి వెళ్లి, 2021లో 5,967 గజాలతో సైమన్స్ రికార్డునే దాటేశాడు, టచ్‌డౌన్ పాసులు 62. క్యామ్ వార్డ్ కూడా ఇన్‌కార్నేట్ వర్డ్ నుంచి ఎరిక్ మోరిస్ వెనకే వాషింగ్టన్ స్టేట్‌కి వెళ్లాడు, 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్నది అతన్నే. చిన్న కాలేజీ అని చిన్నచూపు చూడకండి. కానీ ఇదే పోర్టల్ వల్ల మీవాడు ఎదురుచూస్తున్న స్థానంలోకి ఇంకో కాలేజీ నుంచి అనుభవం ఉన్నవాడిని తెచ్చి కూర్చోబెట్టొచ్చు. గత రెండేళ్లలో పోర్టల్ నుంచి ఎంతమంది క్వార్టర్‌బ్యాక్‌లని తెచ్చారని అడగండి.

ఆన్ ఆర్బర్ నివాసి:
చదువు సంగతి కూడా చెప్పేస్తాను. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, ఐవీ లీగ్‌లోనూ ఉండదు, డివిజన్ 3లో వచ్చేది కుటుంబ ఆదాయాన్ని బట్టో మార్కులని బట్టో వచ్చే సాయమే. ఐవీలో మార్కుల మీద కూడా ఇవ్వరు, అవసరాన్ని బట్టే. ఏ ఆఫర్ అయినా కాగితం మీద చూశాకే లెక్క వేసుకోండి. ఆట ఆగిపోయినా ఆ కాలేజీలోనే నాలుగేళ్లు చదువుతావా అని అబ్బాయినే అడగండి.

ఫ్రిస్కో నాన్న:
ఇప్పుడు కాస్త దారి కనిపిస్తోంది. ఈ వారాంతం మూడు కాలేజీల ఆటలూ పెట్టుకుని కూర్చుంటాం. చివరిగా ఒకటి: ఈ ప్రశ్నలన్నీ కోచ్‌కి నేను ఈమెయిల్ రాయనా, ఫోన్ చేయనా?

షార్లెట్ వాలంటీర్ కోచ్:
మీరు కాదండీ, అబ్బాయే ఫోన్ చెయ్యాలి. కోచ్‌లు వాడి నోటితోనే వినాలనుకుంటారు. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఏడు గజాలు కావాలంటే మీకు ఇష్టమైన ప్లే ఏది, అందులో నేను మొదట ఎవరిని చూడాలి అని వాణ్ణే అడగమనండి. కోచ్ బోర్డు తీసి గీసి చూపిస్తూ ఎదురు ప్రశ్నలు వేశాడంటే నిజంగా వాడి మీద ఆసక్తి ఉన్నట్టే. డబ్బు, హాస్టల్, ఇన్సూరెన్స్ విషయాలు మాత్రం విజిట్‌కి వెళ్లినప్పుడు మీరు మాట్లాడండి.