సమస్యాపూరణం: "మసియె మంచుకొండ మంట పెట్టె"

గోదారిగట్టు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా. కాలిపోయిందే మసి, అది మళ్ళీ మంట పెట్టడమేంటి, అదీ మంచుకి, అనేదే చిక్కు. హిమాలయాల్లో నిజంగా జరుగుతున్నదే కాబట్టి పురాణాల్లోకి పోకుండా విప్పండి.

పాలపిట్ట:
తెల్ల మంచు మీద తేలిన మసిరేణు
వెండ నెల్ల పీల్చి వేడి యగును
చిన్న చుక్క కింద చిల్లులే పెరుగంగ
మసియె మంచుకొండ మంట పెట్టె

కొత్త మంచు తనమీద పడిన వెలుగులో నూటికి 80–90 వంతులు వెనక్కి కొట్టేస్తుంది, అందుకే ఎండలోనూ నిలుస్తుంది. డీజిల్ పొగ, కట్టెల పొయ్యిల పొగ, పంట కొయ్యకాళ్ళు తగలబెట్టిన మసి దానిమీద వాలితే ఆ ఎండ లోపలికి దిగిపోతుంది.

గోదారిగట్టు: యతులన్నీ కుదిరాయండీ. మూడో పాదం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆ చిల్లులు కల్పన కాదు, గ్రీన్‌లాండ్ మంచుమీద నల్లటి దుమ్ము చేరినచోటల్లా నిలువు గుంటలు పడి అడుగున ఆ దుమ్ము, పైన నీళ్ళు ఉంటాయి, 1870లో స్వీడన్ అన్వేషకుడు నోర్డెన్‌షోల్డ్ అక్కడికెళ్ళి చూసి ఆ దుమ్ముకి క్రయోకొనైట్ అని పేరు పెట్టాడు.

చలిమంట:
మన్ను చల్లె రైతు మంచుపై చేలోన
నెండ తగిలి కరగి నేల తేలె
పొలము కిదియె మేలు, పొగగొట్టముల నుండి
మసియె మంచుకొండ మంట పెట్టె

లదాఖ్ జన్‌స్కార్‌లో సాగు కాలం చాలా పొట్టిది, అందుకని రైతులు మట్టి ముందే ఇంట్లో దాచుకుని వసంతంలో చేలో మంచుమీద చల్లుతారు, తొందరగా కరిగితే తొందరగా విత్తుకోవచ్చని.

పాలపిట్ట: ఎంత బావుందో! "నుండి" మాత్రం వేలాడుతోంది తమ్ముడూ, "పొగగొట్టములు చిమ్ము" అను, అదీ సల గణమే, మసికి నేరుగా అతుకుతుంది.

చలిమంట: మార్చేశా అక్కా. మరి మట్టి ఎంత వేస్తే అంత కరుగుతుందా?

వానకోయిల: కాదు బాబూ, అందుకే ఇది రాశాను.
మూర మందమున్న మొత్తమ్ము గాచును
మట్టి, మంచు పైన మంచి గొడుగు
పలుచ పొరగ రాలి పగటెండ మింగెడు
మసియె మంచుకొండ మంట పెట్టె

పలచగా ఉంటే వేడి మంచుకి చేరుతుంది, కొన్ని సెంటీమీటర్లు దాటితే పైనే ఉండిపోతుంది. గంగోత్రి హిమానీనదం దిగువ భాగాన్ని పైనుంచి కప్పింది అలాంటి రాళ్ళూ మట్టే.

గోదారిగట్టు: మాస్టారూ, ఈసారికి ఇదే మేటి పూరణ. కానీ "మొత్తమ్ము గాచును" ఒప్పుకోలేను, రాళ్ళ కిందా కరుగుతూనే ఉంది, గంగోత్రి వెనక్కి పోతూనే ఉంది. "ముప్పును తగ్గించు" అంటే యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

వానకోయిల: తప్పకుండానండీ, అలాగే మార్చి చదువుకోండి.