సమస్య: చిక్కనయ్యె కూర చేర్చ నీరు

ఈ వారం సమస్య ఇది. ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందున్న మూడు పాదాలూ మీరు పూరించాలి.

చిక్కనయ్యె కూర చేర్చ నీరు

వస్తువు కూడా ఇస్తున్నాను. రాత్రి భోజనానికి పెద్దకూర (గొడ్డుమాంసం), కూరగాయలు, పాలో వెన్నో వేసి చేసుకునే చిక్కటి పాస్తా. కూరలో నీళ్లు పోస్తే పలచన కావాలి గానీ చిక్కన ఎలా అవుతుంది? ఆ విరుద్ధాన్ని విడగొట్టాలి.

పెద్దకూర పద్యానికి తగిన వస్తువేనా అని కిందటిసారి ఒకరిద్దరు అడిగారు. తగినదే. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఆదివారం పొయ్యి మీద ఉడికేది అదే. ఎండబెట్టి తునకలు చేసి దాచుకునేదీ అదే. హైదరాబాదు కళ్యాణి బిర్యానీలో పడేదీ అదే. దానికి తెలుగులో చక్కని పేరుంది, ఆ పేరు చూడండి: పెద్ద, కూర. గురువు, లఘువు, గురువు, లఘువు. రెండు సూర్యగణాలు ఎవరో కొలిచి పెట్టినట్టున్నాయి.

గణాల మాట వచ్చింది కాబట్టి కొత్తవారి కోసం ఇంకొంచెం. ‘పాస్తా’ రెండు గురువులు, సూర్యగణంలో పట్టదు. ‘పాస్త’ అని కుదించుకోండి, తప్పులేదు. ‘పెన్నె’ అచ్చమైన హగణం (గురువు, లఘువు). ‘మకరోని’ సలం, ఇంద్రగణం కావలసిన చోట హాయిగా కూర్చుంటుంది. ‘స్పగెట్టి’ మాత్రం జగణం. దాని మొదటి అక్షరాన్ని ముందు గణానికి అప్పగిస్తే తప్ప ఇమడదు, అదీ సంయుక్తాక్షరం కాబట్టి జాగ్రత్త.

ఒక్క షరతు. వంట తప్పితే, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో ఉండే మైత్రి) కుదిరినా పూరణ కుదిరినట్టు కాదు.

పూరణ 1, డాలస్ అక్కయ్య

పెద్దకూర వేగ, బీన్సుతో క్యారటు
మగ్గె వెన్నతోడ; మరిగె పాలు;
పాస్త యుడుకు నీటి పాత్ర నుండి గరిటె
చిక్కనయ్యె కూర చేర్చ నీరు.

నా మాట: అక్కయ్యా, మొదటి పూరణే సమస్య ఆయువుపట్టు పట్టుకుంది. పోసింది కుళాయి నీరు కాదు, పాస్తా ఉడికిన నీరు. మొదటి పాదంలో పె, బీ యతి బాగుంది. ‘గరిటె’కూ ‘నీరు’కూ మధ్య దాదాపు ఒక పాదం దూరం వచ్చింది, అన్వయానికి చదివేవారు ఒక క్షణం ఆగాలి. అయినా ఉంచేయండి, చెవికి బాగుంది.

గుంటూరు నుంచి ఒక సభ్యుడి ప్రశ్న: అక్కయ్య గారూ, పద్యం అర్థమైంది. కానీ నిజంగా చిక్కబడుతుందా, కవిసమయమా?

డాలస్ అక్కయ్య: నిజంగానే తమ్ముడూ. అన్నం వార్చినప్పుడు గంజి చూశావుగా, ఇదీ అదే. పాస్తా ఉడికేటప్పుడు దానిలోని పిండిపదార్థం కొంత నీళ్లలోకి దిగుతుంది. పాలలో, వెన్నలో ఉన్న కొవ్వు, కూరలోని నీరు మామూలుగా విడివిడిగా నిలబడతాయి. పళ్లెంలో పక్కలకు నూనె తేలడం అందుకే. ఈ నీరు ఒక గరిటె పోసి, మంట మీదే పాస్తా వేసి గట్టిగా తిప్పితే పిండి ఆ రెంటినీ పట్టి ఉంచుతుంది. అర నిమిషంలో కళ్ల ముందే మారుతుంది. గరిటె లేపితే సాసు చుక్కలుగా రాలడం మాని పొరలా జారుతుంది.

నేను కార్న్‌ఫ్లోర్ వేయడం మానేసి చాలా ఏళ్లయింది. మామూలుగా వంద గ్రాముల పాస్తాకు లీటరు నీరు అంటారు, నేను కొంచెం తగ్గించి ఉడికిస్తాను, గంజి చిక్కగా ఉండాలని. పాస్తా వార్చే ముందు ఒక కప్పు నీరు తీసి పక్కన పెట్టుకోవడం మరిచిపోకు. మరిచిపోయి సింకులో ఒంపేశాక చేసేదేమీ ఉండదు. ఇంకో సంగతి, ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి కూరలో ఉప్పు చివర చూసుకో.

పూరణ 2, విశాఖ నుంచి కొత్త సభ్యుడు (ఇది నా రెండో ఆటవెలది, తప్పులుంటే మన్నించండి)

ఉల్లి వేచి, కీమ దోరగా వేయించి
మగ్గబెట్టినాను మంట మీద;
అడుగు మాడు గీకి యా పాస్త గంజితో
చిక్కనయ్యె కూర చేర్చ నీరు.

నా మాట: బాబూ, మన్నించాల్సిందేమీ లేదు. గణాలన్నీ సరిపోయాయి. మూడో పాదం నాకు ఎంతో నచ్చింది. అడుగున అంటిన మాడులో ఎంత రుచి ఉంటుందో వండిన చేతికే తెలుస్తుంది. రెండు సవరణలు చేద్దాం. మొదటి పాదంలో ‘ఉ’కు ‘దో’తో యతి కుదరదు. ‘దోరగాను కీమ తోనుల్లి వేయించి’ అనండి, దో, తో సరిపోతాయి. మూడో పాదంలో ‘గంజితో’ బదులు ‘గంజియౌ’ అంటే కింది పాదంలోని ‘నీరు’కు విశేషణమై అన్వయం చక్కబడుతుంది.

డాలస్ అక్కయ్య: మాస్టారూ, క్షమించండి, మీ సవరణతో యతి నిలబడింది గానీ కూర పోయింది. కీమా, ఉల్లి కలిపి ఒకేసారి వేస్తే ఉల్లిలోంచి నీరు దిగుతుంది. ఆ నీళ్లలో కీమా ఉడుకుతుంది తప్ప వేగదు. బూడిదరంగు ముద్దలవుతుంది. అప్పుడు అడుగున మాడే ఉండదు. మాడు లేకపోతే ఆ అబ్బాయి మూడో పాదం ఎక్కడ నిలబడుతుంది?

నా మాట: మీరన్నది అక్షరాలా నిజం. షరతు పెట్టినవాణ్నే షరతు తప్పాను. ఇదిగో మళ్లీ ప్రయత్నించాను:

ఉల్లి మగ్గినాక యొకపక్కగా దీసి
కీమ వేచినాను గిన్నె కాగ;
అడుగు మాడు గీకి యా పాస్త గంజియౌ
చిక్కనయ్యె కూర చేర్చ నీరు.

‘ఉ’కు ‘యొ’లోని ‘ఒ’తో స్వరయతి. రెండో పాదంలో కీ, గి. ‘గిన్నె కాగ’ అన్నది పాదపూరణ కోసం వేసింది కాదు. గిన్నె బాగా కాగాకే కీమా వేయాలి, అదీ పలచగా పరిచి, కదపకుండా రెండు మూడు నిమిషాలు వదిలేయాలి. మాడు అంటే నలుపు కాదు బాబూ, ముదురు గోధుమరంగు. నల్లబడితే చేదు.

విశాఖ సభ్యుడు: ధన్యవాదాలు మాస్టారూ, ధన్యవాదాలు అక్కా. నేను నిజంగా ఉల్లీ కీమా కలిపే వేసేవాణ్ని. ప్రతిసారీ నీళ్లు ఎందుకు ఊరుతున్నాయో ఇప్పుడు తెలిసింది.

పూరణ 3, ఇటలీలోని బొలోన్యాలో చదువుకుంటున్న సభ్యుడు

సెలరి, యుల్లిపాయ చిఱుముక్కలుగ గోసి
క్యారటొకటి చేర్చి, కాచి వెన్న,
మూడు గంటలుడుక మొండి మాంసము విచ్చి
చిక్కనయ్యె కూర చేర్చ నీరు.

తన వివరణ: నా పూరణలో నీరు పాస్తా నీరు కాదండీ. ఇక్కడి రగూకి (మాంసం సాసుకి) ముతకగా కొట్టిన పెద్దకూర వాడతారు, కసాయి దగ్గర ‘కార్తెల్లా’ అని అడుగుతారు. పని బాగా చేసిన కండ అది, నరాలూ పొరలూ ఎక్కువ. తొందరపడితే రబ్బరులా ఉంటుంది. కొంచెం కొంచెం నీరో ఎముకల రసమో పోస్తూ సన్న మంట మీద గంటల తరబడి ఉంచితే ఆ పొరలు కరిగి జెలటిన్ అవుతాయి. అప్పుడు పోసిన నీరే జిగురుగా మారుతుంది. 1982 అక్టోబరు 17న ఇటాలియన్ వంటల అకాడమీ వారు ఈ రగూ పద్ధతిని బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. అప్పటి ఆ పద్ధతిలో 300 గ్రాముల పెద్దకూరకు క్యారట్, సెలరి, ఉల్లి తలా 50 గ్రాములు. ఒక గ్లాసు పాలు కూడా ఉండేవి. టమాటా కొద్దిగానే. ఎర్రగా ఉండే సాసును చూసి అదే బొలోన్యా వంట అనుకునేవాళ్లకి ఇక్కడికొచ్చాక ఆశ్చర్యమేస్తుంది. దాన్ని స్పగెట్టితో తినరు. తాలియతెల్లె అనే పట్టీల్లాంటి గుడ్డు పాస్తాతో తింటారు. ఉడికాక దాని వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లుండాలని 1972లో కొలత కూడా నమోదు చేశారు.

నా మాట: ఇది వేరే దారి పట్టిన పూరణ, సంతోషం. నీరు ఒకటే, చిక్కబడే కారణం వేరు. మూ, మొ యతి సహజంగా పడింది. ‘మొండి మాంసము’ ఎంత సరైన మాటో! ముదురు కూరను మా వైపు ‘మొండికూర’ అనే అంటారు. ఒకటే లోటు. వస్తువులో పాలో వెన్నో అన్నాం, వెన్న వచ్చింది గానీ మీరే చెప్పిన ఆ గ్లాసు పాలు పద్యంలోకి రాలేదు. రెండో పాదాన్ని ‘క్యారటొకటి చేర్చి, కలిపి పాలు’ అంటే ఎలా ఉంటుంది? వెన్న పోతుంది, పాలు వస్తాయి.

బొలోన్యా సభ్యుడు: ఒప్పుకుంటున్నాను. ‘కలిపి పాలు’ అనే ఉంచుదాం. వెన్న లేకపోయినా రగూ అవుతుంది, పాలు లేకపోతే పులుపు విరగదు.

పూరణ 4, మెల్‌బోర్న్ నుంచి ఒక తల్లి

పాలసాసు పోసి పాస్త కలిపినంత,
పిల్లలిద్దరొచ్చి పేచి పెట్ట,
“క్యారటొద్దు మాకు, కాప్సికమొద్ద”ని
చిక్కనయ్యె, కూర చేర్చనీరు.

నా మాట: అమ్మా, ఈ విరుపు సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు! ‘చేర్చ నీరు’ కాదు, ‘చేర్చనీరు’. చేర్చనివ్వరు. పాస్తా చిక్కబడింది, పిల్లలు కూరగాయ చేర్చనివ్వరు. నీరు మాయమైంది, విరోధమూ మాయమైంది. ‘చిక్కనయ్యె’కు కర్త మొదటి పాదంలో ఉండిపోవడం ఒక్కటే చిన్న లోపం.

(క్యారట్, కాప్సికం తురిమి ఉల్లితో పాటు మగ్గబెట్టి సాసులో కలిపేయండి. రంగు తప్ప ముక్క కనబడదు. మా మనవడి దగ్గర పనిచేసింది.)

పూరణ 5, హైదరాబాదు సభ్యురాలు

అద్దె యింటివార లడిగిరి తొలినాడె
“యేమి తిందు”వనుచు, నేమి చెప్ప?
మాటలుడిగె నడుమ, మౌనమే యావేళ
చిక్కనయ్యె, కూర చేర్చనీరు.

తన వివరణ: మెల్‌బోర్న్ అక్క విరుపు చూశాక ఇది దానంతట అదే వచ్చింది. మూడేళ్ల కిందటి సంగతి. ఇల్లు నచ్చింది, అడ్వాన్సు కూడా చేతిలో ఉంది. ఆ ప్రశ్న అడిగారు. నేను అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత వాళ్లేమీ అనలేదు, నేనేమీ అనలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

నా మాట: ఈ పద్యానికి సవరణ చెప్పడానికి నాకేమీ లేదు. ‘చిక్కన’ అనే మాట ఇక్కడ కూర మీద నుంచి మౌనం మీదికి వెళ్లింది. నాలుగో పాదంలో ఒక్క అక్షరం మారలేదు. ‘పెద్ద’ అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, కానీ ‘కూర’ అనగానే ఏ కూరో తెలిసిపోతోంది. మా, మౌ యతి, ఏ, నే యతి చెక్కు చెదరలేదు. ‘నడుమ’ వ్యర్థపదమేమో అని రెండుసార్లు చదివాను. కాదు. అది ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీ.

డాలస్ అక్కయ్య: చెల్లీ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఇక నా పూరణ. ఇది రాసేసరికి అందరూ మంచి మాటలన్నీ తీసేసుకున్నారు, మిగిలింది గంజి.

గంజి వార్చు నమ్మ కనులలో మెదలెను
పాస్త నీరు వంప బాండిలోకి;
పిండి కరిగి వెన్న పెనవేసుకొను వేళ
చిక్కనయ్యె కూర చేర్చ నీరు.

గుంటూరు సభ్యుడు: మాస్టారూ, ‘పెనవేసుకొను’లో పి, పె యతీ కుదిరింది, అక్క చెప్పిన కొవ్వూ నీరూ కలవడమూ ఆ మాటలోనే ఉంది. ‘వంప’ అంటే కొంచెం ఎక్కువ పోసినట్టు ధ్వనిస్తోంది. గరిటెడే కదా?

నా మాట: నిజమే. ‘పాస్త నీరు పోయ బాండిలోకి’ అందాం.

హైదరాబాదు సభ్యురాలు: మీ పద్యం చదివి ఈ ఆదివారం అమ్మ దగ్గరికెళ్లి వండాను మాస్టారూ. మాకు దొరికేది దున్నమాంసం, కొవ్వు తక్కువ, కాబట్టి బొలోన్యా తమ్ముడు చెప్పినట్టు ముందు రెండు గంటలు సన్న మంట మీద ఉంచాను. ఉల్లి, క్యారట్, బీన్సు విడిగా మగ్గించాను. చివర పాలు. పెన్నె ఉడికాక చిల్లుల గిన్నెలో వార్చబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కింద ఒక సత్తుగిన్నె పెట్టి, “గంజి పారబోస్తావేంటే” అంది.