గుంటూరులో డిగ్రీ పరీక్షలకు స్క్రైబ్ (మనం చెబుతుంటే పేపరు రాసిపెట్టేవాళ్లు) కోసం ఎవరిని అడగాలి?

మా చెల్లి గుంటూరులో బీకాం చదువుతోందండీ, చూపు బాగా తక్కువ, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం పైనే ఉంది. సెమిస్టర్ పరీక్షలకు స్క్రైబ్ కావాలంటే కాలేజీ వాళ్లు యూనివర్సిటీకి పొమ్మంటున్నారు, అక్కడేమో ముందు ప్రిన్సిపాల్ లెటర్ తెమ్మంటున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో స్క్రైబ్, అదనపు సమయం రెండూ ఉన్నాయి, 2018 కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. ఇంత స్పష్టంగా ఉన్నా ఈ తిప్పుడేంటో!

స్క్రైబ్‌ని మనమే తెచ్చుకుంటే పరీక్ష రాసేవాళ్లకన్నా ఒక మెట్టు తక్కువ చదువున్నవాళ్లే అయ్యుండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది. ఇంటర్ పిల్లలైతే దొరుకుతారు గానీ, బ్యాలెన్స్ షీట్ పట్టిక చెప్పింది చెప్పినట్టు గీయగలిగేవాళ్లు కావాలి కదా. గుంటూరు, విజయవాడల్లో ఇలా స్క్రైబ్‌తో పరీక్ష రాసినవాళ్లుంటే చెప్పండి, దరఖాస్తు ఎవరి పేరున పెట్టారు, స్క్రైబ్ ఎక్కడ దొరికారు?