అప్‌డేట్: వైజాగ్‌లో ఆఖరి రోజు, అమ్మతో

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్ తిరుగు ప్రయాణం, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, పిల్లలతో ఆ రోజు ఎక్కడ గడపాలని అడిగాను కదా. రుషికొండ వద్దు, ఆర్కే బీచ్ చాలన్నారు. అదే చేశాం. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని నీళ్లలో నిలబడింది, కాళ్ల కింద ఇసుక జారినప్పుడల్లా ఒకటే కేకలు! ఎంత సంతోషమేసిందో. 2002లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి దగ్గర మాత్రం పెద్దవాళ్లుంటే ఆలోచించండి, లోపల గుండ్రటి ఇరుకు తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అమ్మా నేనూ బయటే కూర్చున్నాం, పిల్లలు వాళ్ల నాన్నతో చూసొచ్చారు. మళ్లీ ఎప్పుడని అమ్మ రైల్లోనే అడిగింది. సంక్రాంతి సెలవులకి భీమిలి అనుకుంటున్నాం, మెట్లెక్కే పని లేని గదులు అక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.