సమస్యాపూరణం: కక్కు శిశువె పెరిగి కాంతి నిచ్చు

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.
“కక్కు శిశువె పెరిగి కాంతి నిచ్చు”
తిన్నది కక్కే పిల్ల ఎలా పెరుగుతుంది? అదే చిక్కు. చల్లని వాయు మేఘాల్లో పుట్టే నక్షత్రాల మీద పూరించండి.

మొదటి పూరణ:
పాలు తాగి పెరుగు పసిబిడ్డ చందాన
వృషభ రాశి యందు విరియు చుక్క
మొయిలు చీల్చు గాలి మోమెత్తి వెడలించి
కక్కు శిశువె పెరిగి కాంతి నిచ్చు

నిర్వాహకుడు:
అమ్మా, పోలిక ముద్దుగా ఉంది. వృ–వి యతి చెల్లుతుంది. ‘మోమెత్తి’ దగ్గర మాత్రం ఆగాను. మోము ఒకటే కదా, ఒక పక్కకే ఊదినట్టు ధ్వనిస్తోంది. వృషభ రాశిలోని ఎల్ 1551 మేఘంలో కార్బన్ మోనాక్సైడ్ రేడియో తరంగాలను పరిశీలించి 1980లో చెప్పిన సంగతి వేరు. ఒక వైపు వాయువు మనకేసి వస్తోంది, ఎదుటి వైపు వాయువు దూరంగా పోతోంది. ఆ జంట ధారలే అక్కడి అందం. ఇలా సవరిస్తే?
“మొయిలు చీల్చు గాలి మొనల రెంటను జిమ్మి”

రెండో పూరణ:
చల్ల మొయిలు లోని చక్రమున్ భుజియించి
తిరుగు వేగ మెల్ల తీసి విసరి
రెండు దిక్కులందు రేగు ధారలు చిమ్మి
కక్కు శిశువె పెరిగి కాంతి నిచ్చు

నిర్వాహకుడు:
చాలా సంతోషమండీ. సమస్యలోని చిక్కు విడిపోయింది మీ రెండో పాదంలోనే. చుట్టూ చక్రంలా గిర్రున తిరిగే వాయువు ఆ తిరుగుడు తగ్గితే తప్ప చుక్క మీద పడలేదు. అయస్కాంత క్షేత్రం కొంత వాయువును సెకనుకు వంద కిలోమీటర్లకు పైబడిన వేగంతో ధ్రువాల వైపు విసురుతుంది. పోయే వాయువు తిరుగుడును మోసుకుపోతుంది, మిగిలింది లోపలికి జారుతుంది. అంటే కక్కడం వల్లే తినగలుగుతోంది! ‘ఎల్ల’ ఒక్కటే ఒప్పుకోలేను. తిరుగుడంతా పోతే గ్రహాలు పుట్టడానికి చక్రమే మిగలదు.

రెండో పూరణ కర్త:
నిజమే గురువుగారూ, గణం నిండడానికి వేసిన మాట అది. “తిరుగు వడిని గొంత తీసి విసరి” అంటే సరిపోతుందా?

నిర్వాహకుడు:
చక్కగా కుదిరింది. తి–తీ యతి కూడా నిలిచింది.

మరో సభ్యుడు:
2023లో వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన హెచ్‌హెచ్ 211 బొమ్మ చూడండి, ఓ పసి చుక్క చిమ్మే జంట ధారలవి. పెర్సియస్ మండలంలో, దాదాపు వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ పసి చుక్క ద్రవ్యరాశి ఇప్పటికి సూర్యుడిలో 8 శాతమే, పెద్దయ్యాక సూర్యుడంత అవుతుందట. ‘పెరిగి’ అన్న మాట దగ్గర నాకు ఆ బొమ్మే కళ్ళముందు మెదిలింది. నా పూరణ రేపు పెడతాను.