“తింటే తిన్నాడు, పని చేశాడుగా” – ఈ మాటకు మీరు ఒప్పుకుంటారా?

కృష్ణలంక_కుర్రాడు:
మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాత సర్పంచ్ పైసా ముట్టలేదు. గిట్టనివాళ్లు కూడా ఆ మాట కాదనరు. కాకపోతే ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా భయం, రేపు ఎవరేమంటారోనని. ఐదేళ్లలో ఒక్క డ్రైనేజీ పడలేదు. తర్వాత వచ్చినాయన పర్సంటేజీ తీసుకుంటాడని ఊరందరికీ తెలుసు. మూడు వీధులకు సీసీ రోడ్లు వేయించాడు. ఇప్పుడు ఎవర్ని కదిపినా రెండో ఆయన పాటే. నాకెందుకో మింగుడుపడట్లేదు. నాయకుడికి గుణం ముఖ్యమా, పని ముఖ్యమా?

పల్నాటి_పెద్దోడు:
పనే. ఇందులో చర్చేముంది? ప్రకాశం పంతులుగారిని మించిన త్యాగి ఎవరు? బారిస్టరుగా గడించిందంతా ఉద్యమానికి, పత్రికకు ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకులకు రొమ్ము చూపించారు. మరి ప్రభుత్వమో? 1953 అక్టోబరులో ముఖ్యమంత్రి అయితే 1954 నవంబరులో ఒక్క ఓటుతో పడిపోయింది. పక్కవాళ్లను కూడగట్టుకోలేనప్పుడు ఎంత త్యాగముండి ఏం లాభం?

నీళ్ల_లెక్కలు:
పెద్దోడు గారూ, ఆ పదమూడు నెలల్లో ఏం జరిగిందో కూడా రాయాల్సింది. 1952లో బెజవాడ దగ్గర పాత ఆనకట్ట తెగింది. కొత్త బ్యారేజీ పని మొదలైంది 1954లో. తిరుపతి విశ్వవిద్యాలయమూ ఆ ఏడాదే వచ్చింది. ఇక ప్రభుత్వం పడింది మద్యనిషేధం ఎత్తేయలేదన్న గొడవ మీద. అది చేతకానితనమో పట్టుదలో మీరే తేల్చండి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. నిరాడంబరంగా ఉంటే చాలు, నాయకుడైపోయినట్టే అనుకోవడం మనకో జబ్బు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు అనగానే సైకిల్ ఫొటో పెట్టి దండం పెడతాం. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు, ఆస్తి పార్టీకి ఇచ్చేశారు, అన్నీ నిజమే. కానీ అసెంబ్లీలో ఆయన బలం సైకిల్ కాదు, కాలవలూ ప్రాజెక్టులూ కూలంకషంగా చదివి లేవడం. ఎమర్జెన్సీ రోజుల్లో పార్టీ తోవ నచ్చక ప్రధాన కార్యదర్శి పదవికి తనే రాజీనామా ఇచ్చారు. మధ్యలో వదిలేశారని తప్పుబట్టేవాళ్లూ ఉంటారు. నేనైతే గుణమంటే దాన్నే అంటా.

మీ పాత సర్పంచ్‌ది నిజాయితీ కాదు తమ్ముడూ, పిరికితనం. తన పేరుకు మచ్చ రాకుండా చూసుకున్నాడు, ఊరి మురుగు ఊళ్లోనే ఉంది.

ఎర్రబస్సు:
గుమ్మడి నర్సయ్యగారి పేరు రాలేదేం? ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే. బస్సులోనే తిరిగేవారు. 2009లో ఓడించారు. అప్పుడు కూడా “మంచోడే గానీ...” అన్నవాళ్లే ఎక్కువ.

కర్నూలు_కోడలు:
ఆ రెండో ఆయన వేయించిన రోడ్డు ఎవరైనా వంగి చూశారా? మా అత్తగారి ఊళ్లో అలాంటిదే ఒకటుంది. రెండు వానలకే అంచులు లేచిపోయాయి, చెప్పుకాలితో తన్నితే కంకర ఊడొస్తోంది. పర్సంటేజీ ఎక్కణ్నుంచి వస్తుందనుకున్నారు? సిమెంటు బస్తాల్లోంచే.

ముసలివాళ్లకు పింఛను సంజీవయ్యగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఆయనదీ మా కర్నూలే, పెద్దపాడు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. 1960 నుంచి 1962 దాకా, రెండేళ్ల చిల్లరే కుర్చీలో ఉన్నారు. అదే పింఛను చేతిలో పెట్టేటప్పుడు మా అత్తయ్య దగ్గర యాభై పట్టుకునేవాడు ఒకడు. అతనూ పని చేసేవాడే, ఒకటో తారీఖు తప్పకుండా వచ్చేవాడు!

పల్నాటి_పెద్దోడు:
అమ్మా, నేను దొంగను వెనకేసుకు రావట్లేదు. బరిలో ఆ ఇద్దరే ఉంటే ఎవరికి వేయాలి? అది చెప్పండి.

కర్నూలు_కోడలు:
ముందు సమాచార హక్కు కింద ఆ రోడ్ల ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, నకలు అడగమనండన్నా. ఎంత మందం వేసినట్టు రాశారో చూసి, గునపంతో ఓ మూల తవ్వి కొలవమనండి. ఓటు సంగతి తర్వాత మాట్లాడదాం.